ఎంత ఎత్తున

షువైఖ్‌లో లైట్ల అంగడి.
కప్పు కనపడనన్ని దీపాలు,
పట్టపగలు అన్నీ వెలుగుతున్నాయి.
బిల్లెవడు కడతాడో అని
మొదట నాకొచ్చిన ఆలోచన అదే.

రెడ్డెమ్మ తల పైకెత్తి నడుస్తోంది.
నేను ధర చీటీలు చూస్తూ వెనకాల.

ఒకచోట ఆగింది.
బోర్లించిన సట్టి లాంటి నల్ల రేకు,
బల్బు చుట్టూ ఇనుప తీగల బుట్ట,
అంచున అక్కడక్కడా తుప్పు.
"ఇది" అంది.

నవ్వొచ్చింది.
షుఐబా షెడ్డులో పదకొండేళ్ళు
దీని కిందే కదా నేను!
ముప్పై అడుగుల పైన
వరసకు ఎనిమిది, నాలుగు వరసలు.
వెల్డింగు పొగ వాటి చుట్టూ తిరిగి తిరిగి
ఎటు పోవాలో తెలీక అక్కడే ఉండేది.
మూడో వరసలో ఒక పావురం గూడు పెడితే
ఆ వేడికి తల్లి పొదగక్కర్లేదులే అనేవాడు
నెల్లూరు మస్తానయ్య.
రాత్రి డ్యూటీలో అవి ఝుమ్మని మోగేవి.
గదికొచ్చి పడుకున్నా చెవిలో అదే మోత.

గోటితో గీకి చూశా.
తుప్పు రాలలేదు.
రంగు.

"ఇండస్ట్రియల్ మోడల్ అన్నా,
ఇప్పుడందరూ ఇదే అడుగుతున్నారు"
అన్నాడు అంగట్లో కుర్రాడు షిహాబ్.
పద్నాలుగు దీనార్లట.
తుప్పు గీకినందుకు మాకు రోజుకు మూడిచ్చేవాళ్ళు.
పూసినందుకు పద్నాలుగు.
లెక్క ఎక్కడ తప్పిందో
నిలబడి కాసేపు చూసుకున్నా.

నిజానికి లైటు ఎంచుకోవడం నాకు చేతగాదు.
ఎప్పుడు ఎంచుకున్నా గనక?
క్యాంపు గదిలో ట్యూబులైటు
నాకంటే ముందు నుంచీ ఉంది,
దాని స్విచ్చు మాత్రం
తెల్లారి నాలుగింటికి లేచేవాడిది.

"వేరేది చూడు" అన్నా.
గాజు పూలది చూపించా, బంగారు రంగుది చూపించా.
కదల్లేదు.

"సల్వాలో మామా ఇంట్లో
బల్ల మీద ఇట్లాంటివే మూడు.
ప్రతి బుధవారం నిచ్చెనెక్కి తుడిచేదాన్ని,
తీగ తీగకూ వేలు పెట్టి.
నాలుగేళ్ళు.
దీని వీపు మీది దుమ్మే నాకు తెలుసు.
కూచోని,
అన్నం తింటా,
కిందినించి ఒకసారి చూడల్ల."

షిహాబ్‌ను పిలిచా.
పన్నెండున్నరకు తెగింది.
తెల్ల బల్బు ఉచితం అన్నాడు.
వద్దన్నా.
తెల్లది పని దీపం,
నిద్ర రాకూడదని పెడతారు దాన్ని.
పసుపుది ఇయ్యి, దాని డబ్బులు వేరే తీసుకో.

ఫర్వానియాలో నాలుగో అంతస్తు.
"ఒక్క బొక్కేనా?"
హారిస్ మూడుసార్లు అడిగాడు.
ఒక్కటే, కానీ లోతుగా.
జిప్సం ఇంత బరువు మోయదు,
దాన్ని దాటి స్లాబు దాకా పోవాలి డ్రిల్లు.
కనురెప్పల మీద తెల్లపొడి రాలుతుంటే
రెడ్డెమ్మ కింద చాట పట్టుకుని నిలబడింది,
అంతా నా మీదే పడుతున్నా.

ఇక ఎత్తు.
ఆమెను కుర్చీలో కూచోబెట్టా.
ఎదురుగా ఖాళీ పళ్ళెం.
గొలుసు ఒక్కో కొక్కీ వదులుతూ
"ఇంతనా?"
"ఇంకా."
"ఇప్పుడు?"
"ఇంకా దించు."
"లేస్తే తల తగుల్తుంది."
"లేచేది నువ్వు. చూసుకొని లేయి."

షెడ్డులో క్రేను లేకుండా
ఎవరికీ అందని దీపం
నా గడ్డం దాకా దిగింది.

స్విచ్చు వేశా.
ఝుమ్మంటుందని ఆగి విన్నా.
పక్కింటి ఏసీ తప్ప ఏమీ లేదు.

రెడ్డెమ్మ మెడ వంచి లోపలికి చూసింది,
బావిలోకి చూసినట్టు, కాకపోతే పైకి.
"లోపల తెల్లగుంటుందే ఇది" అంది.
చాలాసేపటికి, "కూర చల్లారిపోతాది, కూచో" అంది.

ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇద్దరికీ తెలీదు.
ఉప్పుగిన్నె పక్కన పెట్టుకుని
తిన్నాం.